పేలని తూటా

ప్రెషర్ కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్కపెట్టడం కన్నా చిన్న పని లోకంలో ఇంకొకటి ఉండదనుకుంటాను. అయినా ఆ చిన్న పని నాకు ఏనాడూ సవ్యంగా చేతకాలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి, మూడు కూతలకు దించుదామని నిశ్చయించుకుని, ఈలోగా ఒక పేరా రాద్దామని కాగితాల ముందు కూర్చుంటాను. రెండో కూత విన్నట్టు గుర్తే. ఆ పైన వచ్చింది మూడోదా, నాలుగోదా? "ఏమండీ, ఎన్నయ్యాయి?" అని హాల్లోకి కేకేస్తే మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "లెక్కపెట్టడానికి నాకేమన్నా కూలి ఇస్తున్నావా?" అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకొక మనిషి గుర్తొస్తాడు. నిజంగానే లెక్కపెట్టినందుకు కూలి తీసుకున్న మనిషి.

అనంతపురం జిల్లాలో మా జేజినాయనకు ఒక బావి ఉండేది. 1980ల చివర్లో వానలు మొహం చాటేసి ఆ బావి అడుగంటింది. లోతు చేయిద్దామని తవ్విస్తే నల్లరాయి తగిలింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు రాలాయి గాని పెళ్ళ ఊడలేదు. అప్పుడు పిలిపించారు ఆయన్ని. అసలు పేరేమిటో మా పిల్లలెవరికీ తెలియదు. అందరం 'తూటాల తాత' అనేవాళ్ళం.

సైకిలు వెనక తాళం వేసిన రేకుపెట్టె కట్టుకుని వచ్చేవాడు. అందులో తూటాలు. డిటొనేటర్లు మాత్రం వేరే చిన్న డబ్బాలో. పెట్టెనీ డబ్బానీ ఎప్పుడూ ఒకచోట ఉంచేవాడు కాదు. పెట్టె వేపచెట్టు నీడన, డబ్బా అల్లంత దూరాన గట్టు అవతల. ఎందుకు తాతా అని అడిగితే, "ఈ అన్నదమ్ములకు పడదు పాపా. పని పడినప్పుడే కలపాల" అన్నాడు నవ్వుతూ.

కూలీలు పొద్దంతా ఉలీ సమ్మెటా పట్టి రాతికి బెజ్జాలు వేసేవారు. సాయంత్రానికి తాత దిగేవాడు. బెజ్జంలో తూటా దించి, పైన తడిమట్టి వేసి, కర్రతో మెల్లిగా కూరేవాడు. ఒకసారి ఎవరో ఇనప కడ్డీ అందిస్తే కొట్టినంత పని చేశాడు. బావి దగ్గర ఉన్నంతసేపూ బీడీ ముట్టేవాడు కాదు. ఒక్కో వత్తినీ ఒక్కో పొడుగున కోసేవాడు, అన్నీ ఒక్కసారిగా కాకుండా ఒకదాని తరవాత ఒకటి పేలాలని. అలా అయితేనే లెక్క తెలుస్తుంది మరి.

మూడుసార్లు కేక పెట్టి మనుషుల్నీ గొడ్లనీ దూరం పంపించి, వత్తులు వరసగా అంటించి మెట్లెక్కి వచ్చేవాడు. పరిగెత్తేవాడు కాదు. "పరిగెత్తితే జారతాం పాపా" అనేవాడు. గట్టు అవతల నిలబడి, కుడిచేతి వేళ్ళ కణుపుల మీద బొటనవేలు ఆనించి లెక్కపెట్టేవాడు. "ఒకటి పలికె. రెండు పలికె." ఎనిమిదీ పలికాక, పొగ తేరుకున్నాక, ముందు తనొక్కడే దిగి చూసి వచ్చి, ఆ తరవాతే మిగతావాళ్ళని రమ్మనేవాడు. అందరికన్నా చివర బయటికొచ్చేదీ, అందరికన్నా ముందు లోపలికెళ్ళేదీ ఆ ఒక్క మనిషే.

ఒక సాయంత్రం ఎనిమిది పెడితే ఏడే పలికాయి. ఆ సంగతి చివర్న చెబుతాను. చెప్పడానికి నేనూ కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి.

ఈమధ్య ఒక నవల కోసం రాతిగనుల గురించి పుస్తకాలు తిరగేశాను. నేను చదివింది బి.ఏ. అందులోనూ చరిత్ర. ఏ రాజు ఏ కోట కట్టించాడో, ఏ కనుమ దాటి ఏ దేశం మీద పడ్డాడో గడగడా చెప్పేదాన్ని. ఆ కోటకి రాయి పగలగొట్టిందెవరు, ఆ కనుమలో దారి తొలిచిందెవరు అని మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. కనక నేనూ తెలుసుకోలేదు.

మందుగుండు రాకముందు మనిషి రాయిని నిప్పుతో జయించాడు. బండ మీద కట్టెలు పేర్చి గంటల తరబడి కాల్చి, చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే బండ బీటలు వారుతుంది. వేడి గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి చేతులు కాల్చుకున్న గృహిణులకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. హానిబాల్ ఆల్ప్స్ పర్వతాలు దాటేటప్పుడు ఇలాగే బండను కాల్చి వెనిగర్ పోయించాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలోనూ నిప్పుతో రాయి పగలగొట్టే పద్ధతి ఉంది.

చైనావాళ్ళు మందుగుండు కనిపెట్టింది వెయ్యేళ్ళ కిందటి మాట. దాన్ని బాణసంచాకు వాడారు, యుద్ధాలకు వాడారు. మనుషుల్ని చంపడానికి అన్ని వందల ఏళ్ళు పనికొచ్చిన ఆ మందు రాయిని పగలగొట్టడానికి కూడా పనికొస్తుందని తోచడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. గనిలో మందు పేల్చినట్టు గట్టిగా చెప్పగలిగిన మొదటి తేదీ 1627 ఫిబ్రవరి 8. అప్పటి హంగరీ రాజ్యంలో, ఇప్పటి స్లొవేకియాలో ఉన్న షెమ్నిట్స్ వెండిగనిలో కాస్పర్ వైండల్ అనే ఆయన ఆ పని చేశాడు. తూటాల తాత వంశానికి మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు.

అక్కణ్ణుంచి రెండు వందల ఏళ్ళ పాటు ఈ పనివాళ్ళ అసలు కష్టం పేలుడుతో కాదు, వత్తితో. గడ్డిపరకలో, బాతు ఈకల కాడల్లో మందు నింపి దాన్నే వత్తిగా వాడేవారు. అది ఒకసారి రెప్పపాటులో కాలిపోయేది. ఇంకోసారి మధ్యలో చల్లారినట్టే ఉండి, ఏమైందోనని మనిషి దగ్గరికి వెళ్ళి వంగి చూసేసరికి పేలేది. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు తగరం, రాగి గనుల్లో ఇలా కళ్ళూ చేతులూ పోయినవాళ్ళు వీధికొకరు ఉండేవారట.

ఆ ఊళ్ళలోనే విలియం బిక్‌ఫర్డ్ అని ఒక తోలు వ్యాపారి ఉండేవాడు. గనితో ఏ సంబంధమూ లేనివాడు. ఈ అవిటివాళ్ళని చూసి మనసు కలిగి ఏదో ఒక దారి వెతికాడు. మొదటి ప్రయత్నం బెడిసింది. ఒకరోజు తెలిసినవాళ్ళు తాడు పేనుతుంటే చూస్తూ నిలబడ్డాడు. పురి పడుతున్న నారల మధ్య సన్నటి ధారగా మందు పోస్తే? అదే 1831లో ఆయన పేటెంటు పొందిన సేఫ్టీ ఫ్యూజు. లోపల మందు, చుట్టూ పేనిన నార, పైన తడి తగలకుండా పూత. అడుగు కాలడానికి సుమారు అరనిమిషం. ఎన్నడుగులు కోస్తే అంత వ్యవధి. ఆయన కనిపెట్టింది పేలుడు పదార్థం కాదు, మనిషి నడిచి బయటికి రావడానికి కావలసినంత సమయం. మూడేళ్ళకే ఆయన పోయాడు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూసిన గుర్తు లేదు నాకు.

కర్ర బదులు ఇనప కడ్డీ వాడితే ఏమవుతుందో లోకానికి చూపించినవాడు ఫినియాస్ గేజ్. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో రైలుదారి కోసం కొండ పగలగొట్టే ముఠాకు మేస్త్రీ. వయసు 25. 1848 సెప్టెంబరు 13 సాయంత్రం బెజ్జంలో మందు కూరుతుండగా ఇనుము రాతికి తగిలి నిప్పురవ్వ లేచింది. మూడున్నర అడుగుల పైచిలుకు పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న కడ్డీ చెంప కింద దూరి నడినెత్తిలోంచి దూసుకుపోయింది. చిత్రమేమిటంటే మనిషి బతికాడు. మరో పదకొండేళ్ళకు పైగా బతికి 1860లో పోయాడు. మెదడులో ఏ భాగం మన స్వభావాన్ని శాసిస్తుందో తెలుసుకోవడానికి డాక్టర్లు ఆయన కథను ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ కపాలమూ, ఆ కడ్డీ హార్వర్డ్‌లో భద్రంగా ఉన్నాయి. ఈ వృత్తివాళ్ళలో పుస్తకాలకెక్కినవాడు ఆయనే, అదీ తల పగిలినందుకు. ఏ ప్రమాదమూ జరగకుండా జీవితమంతా పనిచేసి, సాయంత్రం క్షేమంగా ఇంటికెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెడతారు?

ఆల్ఫ్రెడ్ నోబెల్ సంగతి మీకందరికీ తెలుసు. అయినా ఒకటి రెండు ముక్కలు చెప్పాలి. 1847లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త సొబ్రేరో నైట్రోగ్లిజరిన్ తయారుచేసి, దాని కోపం చూసి తనే భయపడ్డాడు. నోబెల్ దాన్ని లొంగదీసే పనిలో పడ్డాడు. 1864 సెప్టెంబరులో స్టాక్‌హోమ్ దగ్గరి వాళ్ళ షెడ్డు పేలి కొందరు మరణించారు. అందులో నోబెల్ తమ్ముడు ఎమిల్ ఒకడు. ఇంకొకరైతే అక్కడితో మానేసేవారు. ఆయన మానలేదు. 1867లో ఆ నూనెను ఒకరకం మెత్తటి మట్టిలో ఇంకించి డైనమైట్ చేశాడు. 1875లో జిలెటిన్ రకం మందు వచ్చింది. మా తాత పెట్టెలో ఉన్నవి దాని మునిమనవలు.

ఈ మందు ముట్టుకునేవాళ్ళకు ఒక విడ్డూరమైన జబ్బు ఉండేది, తలనొప్పి. నైట్రోగ్లిజరిన్ చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వారమంతా పనిచేస్తే ఒళ్ళు అలవాటు పడుతుంది. ఆదివారం సెలవు తీసుకుంటే ఆ అలవాటు పోయి సోమవారం మళ్ళీ తల పగిలిపోతుంది. తూటాల తాత తలకు ఎప్పుడూ తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు. ఎండకని అనుకునేదాన్ని. మళ్ళీ ఆ మందే గుండెనొప్పికి ఔషధమైంది. చివరి రోజుల్లో నోబెల్‌కు డాక్టర్లు రాసిచ్చిందీ అదే. ఆయన 1896 డిసెంబరు 10న కన్నుమూశాడు. ఏటా ఆ తేదీనే బహుమతులిస్తారు. 1955లో సరిగ్గా అదే తేదీన నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అంత పెద్ద రాతి ఆనకట్టకు కావలసిన రాయంతా కొండల్లోంచి రావాలి కదా! కాకతాళీయమే అయినా నాకెందుకో ఆ రెండు తేదీలూ కలవడం బాగుందనిపించింది.

తరవాత వత్తి బదులు కరెంటు తీగ వచ్చింది. న్యూయార్కు దగ్గర ఓడలకు అడ్డంగా ఉన్న నీటిలోపలి బండలను జనరల్ జాన్ న్యూటన్ అనే ఇంజనీరు పేల్చివేశాడు. 1876లో మొదటి బండ పేల్చే మీట నొక్కింది ఎవరనుకున్నారు? మూడేళ్ళు నిండని ఆయన కూతురు మేరీ. మళ్ళీ 1885 అక్టోబరు 10న దాదాపు మూడు లక్షల పౌండ్ల మందు కూరిన పెద్ద బండను పేల్చిందీ ఆ పిల్లే. అప్పటికి బడి వయసు. చదివి ముచ్చటపడ్డాను. కాని ఆలోచిస్తే, మీట నొక్కడం ఈ పనిలో అన్నిటికన్నా చిన్న భాగం. ఆ బండ కింద నీళ్ళు కారుతున్న సొరంగాల్లో ఏళ్ళ తరబడి బెజ్జాలు తొలిచినవాళ్ళు వేరే ఉన్నారు. ఆడవాళ్ళ సంగతంటారా, మన దేశంలో 1952 నాటి గనుల చట్టం వాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గాని పర్యవేక్షణ, సాంకేతిక ఉద్యోగాలకు, అదీ పగటిపూట, తలుపు తెరుచుకోలేదు.

మన సింగరేణికి కూడా ఒక మాట బాకీ. ఇల్లందు దగ్గర బొగ్గు పొరలు 1870ల మొదట్లో విలియం కింగ్ కంటపడ్డాయి. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. బొగ్గుగనిలో మందు పేల్చడం బావిలో పేల్చినట్టు కాదు. బొగ్గు పొరల్లోంచి మండే వాయువు ఊరుతుంది. ఒక్క మంట చాలు, గనంతా అంటుకోవడానికి. అందుకని అక్కడ మంట చిన్నదిగా వచ్చే ప్రత్యేకమైన మందే వాడాలి. షాట్‌ఫైరర్ అనే ఉద్యోగి పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందినవాడై ఉండాలి. పేల్చేముందు వాయువు ఉందో లేదో చూడాలి, పైకప్పు చూడాలి, దారుల్లో కాపలా పెట్టాలి. పేల్చాక ఎన్ని పేలాయో లెక్కపెట్టాలి. లెక్క తప్పినట్టు అనుమానం వచ్చినా సరే, వత్తితో పేల్చినచోట అరగంట దాకా ఎవరూ అటు అడుగుపెట్టకూడదు. పేలని తూటాను గెలకకూడదు.

అరగంట! ఆ అంకె చదివి పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరవడానికి రెండు రోజులు పట్టింది.

2022 ఆగస్టు 28న నోయిడాలో జంట మేడలు కూల్చడం మీరు టీవీలో చూసే ఉంటారు. సుమారు 3,700 కిలోల మందు. తొమ్మిది సెకన్లలో రెండూ నేలమట్టం. మీట నొక్కిన చేతన్ దత్తా పేరు పత్రికల్లో వచ్చింది. మావారు ఆ తొమ్మిది సెకన్లూ పదేపదే తిప్పి చూశారు. నేను మాత్రం, దుమ్ము అణిగాక ముందుగా ఎవరు నడిచి వెళ్ళారో, ఏం లెక్కపెట్టుకుంటూ వెళ్ళారో అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇంక ఆ సాయంత్రం సంగతి.

ఏడు పలికాయి. తాత బొటనవేలు ఏడో కణుపు మీద ఆగిపోయింది. మేమంతా వేపచెట్టు కింద ఉన్నాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పొగ తేరుకుంది. తాత కదల్లేదు.

"ఇంకెంతసేపప్పా? పొద్దు గూకుతాంది" అన్నాడు మా జేజినాయన.

"ఒకటి బాకీ ఉండాది సామీ. పొద్దున సూస్తాం."

"రెండు కలిసి పలికింటాయిలే."

"లేదు సామీ. నేను ఇన్నా కదా. ఏడే."

"రేపు రాయి ఎత్తకపోతే ఇంతమంది కూలోళ్ళకు ఉత్తపుణ్యానికి కూలి ఎవరిస్తారు? నువ్విస్తావా?"

ఆ ప్రశ్నకి తాత దగ్గర జవాబు లేదు. ఉంటే సైకిలు మీద ఊరూరూ తిరిగి ప్రాణం పణంగా పెట్టే పని చేస్తాడా? తుండుగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. బావి కేసి నడిచాడు. అప్పుడు కూడా పరిగెత్తలేదు. మెట్లు దిగుతున్న తల కనపడకుండా పోయిన కాసేపటికి ఎనిమిదోది పలికింది.

ప్రాణం దక్కింది. కుడికన్ను, కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఆస్పత్రి ఖర్చు జేజినాయన పెట్టుకున్నాడు. రెండు మూటల శనగకాయలు కూడా పంపించాడు. ఆ ఎనిమిదో తూటా చీల్చిన సందులోంచే నాలుగో రోజు నీళ్ళు ఉబికాయి. ఊరంతా వచ్చి చూసింది. మా జేజి పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టింది.

ఆ తరవాత మా ఇంట్లో ఈ కథ ఎప్పుడు వచ్చినా ఒకేలా చెప్పేవారు. "పాపం, తొందరపడ్డాడు. అరగంట ఆగి ఉంటే పోయేది." పెళ్ళిళ్ళలో, పండగల్లో, బావి ప్రసక్తి వచ్చినప్పుడల్లా అదే మాట. నేనూ అక్కడే కూర్చుని విన్నాను. నా చెవులతో విన్నది వేరని తెలిసీ నోరు విప్పలేదు. మొదట చిన్నపిల్లనని, తరవాత పెద్దల్ని తప్పు పట్టకూడదని, ఆ తరవాత పోయినవాళ్ళ గురించి ఎందుకులే అని. సాకులకేం కరువు?

రెండేళ్ళ తరవాత ఒకసారి సంతలో కనిపించాడు. తాళ్ళు అమ్ముకుంటున్నాడు. ఒక్క కంటితోనే నన్ను గుర్తుపట్టాడు. "పాపా, బావిలో నీళ్ళుండాయా?" అని అడిగాడు. "ఉన్నాయి తాతా" అన్నాను. "సల్లగుండాల" అన్నాడు. చిల్లర లెక్కపెడుతున్నాడు, ఎడమచేతి కణుపుల మీద. అలవాటు లేని చెయ్యి కాబోలు, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

ఇప్పుడు ఆ బావి లేదు. చుట్టుపక్కల బోర్లు పడ్డాక ఎండిపోతే, ముళ్ళకంప వేసి పూడ్చేశారు. జేజినాయన లేడు. తూటాల తాత ఉన్నాడో లేడో, నేను వాకబు చేయలేదు. అదీ నా తప్పుల్లో ఒకటి. నాలుగు వందల ఏళ్ళ చరిత్ర తిరగేసి, ఎక్కడో హంగరీలో ఎవరో పేల్చిన తేదీతో సహా పట్టుకున్నాను గాని, మా బావి తవ్వినాయన పేరు ఈనాటికీ నాకు తెలియదు. కనక కనీసం జరిగిన సంగతి అయినా ఉన్నదున్నట్టు రాసిపెడుతున్నాను. తొందరపడింది ఆయన కాదు. మేము.

కుక్కర్ కూత వేసింది. ఎన్నోదో మళ్ళీ మర్చిపోయాను. "ఇంకా ఆవిరి పోలేదా? ఆకలేస్తోంది, మూత తియ్యరాదూ!" అంటున్నారు మావారు.

"ఆగండి" అన్నాను.